రెండు ఇటుకలు, ఒక తాడు

ఆ ఉదయం వేసుకున్న పథకంలో ఎవరికీ హాని చేసే అంశం ఒక్కటీ లేదు. సాయంత్రం ఏడున్నరకి మేడ ఎక్కాలి. పిల్లలకోడిని ఫోటో తియ్యాలి. తొమ్మిదికల్లా దిగి అన్నం తినాలి. అంతే.

పిల్లలకోడి అంటే గంప కింద కమ్మే కోడి కాదు. చలికాలంలో పొద్దుగూకాక తూర్పు దిక్కున గుప్పెడు చుక్కలు ఒకదాన్నొకటి ఆనుకుని కనిపిస్తాయి. పుస్తకాల్లో వాటిని కృత్తికలంటారు. పిల్లల్ని రెక్కల కింద పొదువుకున్న కోడిలా ఉన్నాయని ఏనాటి మనిషో ఒకరు తల పైకెత్తి అనుకుని ఉంటారు. ఆ పేరే నిలిచిపోయింది.

వాళ్ల పెళ్లై రెండున్నర నెలలు. ఆమె కళ్లద్దాల షాపులో ఫ్రేములకి అద్దాలు బిగిస్తుంది. అతను ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. కాపురానికి వచ్చేటప్పుడు ఆమె బట్టల మధ్య భద్రంగా చుట్టి తెచ్చుకున్నది ఒక పాత కెమెరా. అప్పటికే అది ఇద్దరి చేతులు మారింది. దానితో పాటు వచ్చిన స్టాండుకి ఒక కాలు వదులు. రబ్బరు బ్యాండ్లు చుట్టి నిలబెట్టాలి. కెమెరా ముఖం పూర్తిగా పైకి తిప్పితే స్టాండు వెల్లకిలా పడిపోతుంది. అందుకని నడినెత్తి మీది ఆకాశం వాళ్లకి లేనట్టే. తూర్పున ఏటవాలుగా కనిపించే ముక్కే వాళ్లది. ఆ ముక్కకీ ఇవాళే ఆఖరు. పక్కింటి వాళ్లు ఇంకో అంతస్తు లేపుతున్నారు. పిల్లర్లు అప్పుడే లేచాయి. రేపట్నించి వాటి మీద చెక్కలు పరుస్తారట.

ఇప్పటిదాకా మూడుసార్లు ప్రయత్నించారు. మూడుసార్లూ చెడగొట్టింది అతనే. మొదటిసారి ఎలా వస్తోందో చూద్దామని ఉత్సాహంగా నడిచొస్తే మేడంతా అదిరింది. రెండోసారి టైమెంతయిందోనని ఫోను వెలిగించాడు. నిన్న రాత్రయితే ఆమెకి చలేస్తోందని చీకట్లో టీ పట్టుకొచ్చి, స్టాండుకున్న ఇనప పిడికి నుదురు కొట్టుకున్నాడు. టీ మాత్రం ఒలకనివ్వలేదు.

"ఇవాళ కూడా రాకపోతే దీన్ని ఎవరికైనా ఇచ్చేస్తానండీ," అంది ఆమె అతని నుదుటికి ప్లాస్టరు అంటిస్తూ. "షాపులో పని, ఇంట్లో పని. ఈ పిచ్చి ఎన్నాళ్లు?"

తేలిగ్గా అంది. నవ్వుతూనే అంది. కానీ అతని వృత్తే తేలిగ్గా కనిపించే వాక్యాల్లో తప్పు వెతకడం. ఈ వాక్యంలో తప్పేమీ లేదు, నిజంగానే ఇచ్చేస్తుంది. ఇచ్చేసి, ఆ తర్వాత ఆ ఊసే ఎత్తదు. అలా ఊసెత్తని ఆడవాళ్లను అతను చాలామందిని చూశాడు, తన తల్లితో సహా. తన అడుగుల చప్పుడు వల్ల ఇంకొకరు ఆ వరసలో చేరడం అతనికి ఇష్టం లేదు.

"ఇవాళ కదలను," అన్నాడు.

"నిన్నా అన్నారు."

"నిన్న టీ కోసం కదిలాను. ఇవాళ టీ కూడా కదలదు."

ప్రెస్సుకి నడుస్తూ దారిపొడవునా ఒక వాక్యాన్ని నోట్లో చప్పరించుకుంటూ వెళ్లాడు. ప్లాస్టరు చూసి ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు ఏం చెప్పాలో తయారుగా ఉంది. కొత్త పెళ్లికొడుకులకి తమ మాటలన్నీ చమత్కారంగానే వినిపిస్తాయి.

అడిగింది కంపోజింగ్ అక్క. కంప్యూటర్ మీద అక్షరాలు కొట్టే ఆవిడని ప్రెస్సులో అందరూ అలాగే పిలుస్తారు. వీళ్ల శుభలేఖ కొట్టింది ఆవిడే. అతని తల్లికి స్నేహితురాలు కూడా.

"తలకేమైంది తమ్ముడూ?"

"మా ఆవిడ నాకు చుక్కలు చూపించిందక్కా."

చెప్పి, నవ్వు కోసం ఆగాడు. నవ్వు రాలేదు. అక్క చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"ఎప్పట్నించి?"

"పెళ్లైన రెండో వారం నుంచీ. మొదట్లో ఎప్పుడో ఒకసారి. ఇప్పుడు ఇంచుమించు రోజూ."

"నొప్పిగా లేదూ?"

"మెడ పట్టేస్తుంది. అలవాటైపోయిందిలే."

"మరి నువ్వేమీ అనవా?"

"అనడానికేముంది అక్కా. నా జన్మలో ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను."

అతని ముఖంలో ఆ సంతోషం నిజంగానే వెలుగుతోంది. అదే అక్కని ఎక్కువ భయపెట్టింది. దెబ్బలు తిన్నవాడు ఏడిస్తే ఓదార్చవచ్చు. మురిసిపోతుంటే ఏం చేస్తారు?

మాటకి అర్థం మాటలోనే ఉంటుందని ప్రూఫ్‌రీడర్ల నమ్మకం. చూపించింది చుక్కలు, చూసింది తను. వాక్యంలో కర్త, కర్మ, క్రియ ఉన్నాయి. ఒత్తులూ దీర్ఘాలూ సరిగ్గా ఉన్నాయి. జనం నోట్లో ఆ మాట ఇంకో పనికి అలవాటు పడిందని తెలిసినా, తన ముఖం చూస్తే అసలు అర్థం తెలిసిపోతుందని అనుకున్నాడు.

పదకొండింటికి ఒక స్కూలు వాళ్ల డైరీ వచ్చింది. దిద్దుబాట్లు అతని ఫోనుకి పంపారు. చూసి కొట్టమని ఫోను అక్క బల్ల మీద పెట్టి, అతను మెషిన్ల వైపు వెళ్లాడు. అక్క ఆరో పేజీలో ఉండగా ఫోను టింగుమంది.

'వచ్చేటప్పుడు రెండు ఇటుకలూ ఒక గట్టి తాడూ తెండి.'

అక్క కళ్లద్దాలు సవరించుకుంది. మళ్లీ టింగుమంది.

'ఇవాళ కదిలారంటే మాత్రం ఊరుకోను.'

మూడోది కాస్త ఆగి వచ్చింది.

'ఇంటావిడతో మాట్లాడాను. ఏడున్నరకి లైట్లన్నీ ఆర్పేస్తారు. ఎవరికీ చెప్పకండి, జనం వస్తే పని చెడుతుంది.'

అసలు సంగతేమిటంటే, ఇటుకలు గుడ్డసంచీలో వేసి తాడుతో స్టాండు నడుముకి వేలాడదీస్తే ఆ బరువుకి స్టాండు ఊగదు. ఖరీదైన స్టాండు కొనలేనివాళ్లు చేసే ఉపాయం అది. అయితే ఈ ముక్క ఆ మూడు సందేశాల్లోనూ లేదు.

అతను తిరిగొచ్చి సందేశాలు చూసుకుని, చిరునవ్వు నవ్వి, నేరుగా అక్కనే అడిగాడు.

"అక్కా, ప్యాకింగ్ తాడేమైనా ఉందా? గట్టిది కావాలి."

"ఎందుకు?"

"కదలకుండా ఉండాలి కదా. ఒకసారి కట్టేస్తే ఇంక బెంగ లేదంది."

"లేదు," అంది అక్క. కాలి దగ్గరున్న తాడుచుట్టని బల్ల కిందికి తోసేసింది.

"పోన్లే, ఇంట్లో బట్టలారేసే తాడుంది," అన్నాడు అతను.

ఆ తర్వాత నడిచిన ఫోన్ల సంగతి అతనికి రాత్రి ముక్కలు ముక్కలుగా తెలిసింది. మనం వరసలోనే చెప్పుకుందాం. అక్క అతని తల్లికి ఫోన్ చేసింది. ఆవిడ ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి.

"కంగారు పడకు వదినా. దెబ్బ చిన్నదే."

"ఏ దెబ్బ?"

అక్క చెప్పింది. చెప్పకూడదనుకున్న ఇటుకలు కూడా నోరు జారి చెప్పేసింది.

నర్సుగారు మందుల పెట్టె తీసి, దూదీ కట్లూ సరిచూసుకుని, వియ్యంకుడికి ఫోన్ చేసింది. ఆయన బస్సు డిపోలో టైం కీపరు. ఏ మాట విన్నా గోడ గడియారం వైపు ఒకసారి చూసిగానీ జవాబు చెప్పడు.

"అన్నయ్యగారూ, మీ అమ్మాయి మా వాణ్ణి ఇటుకతో కొట్టిందట."

గడియారం చూశాడు. "ఎన్నింటికి?"

"నిన్న రాత్రి. ఇవాళ ఏడున్నరకి మళ్లీ ఉందట. ఈసారి రెండు ఇటుకలు, తాడు."

మళ్లీ గడియారం చూశాడు. తర్వాత ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ ఇంట్లో బావి ఉందా చెల్లెమ్మగారూ?"

"లేదు."

"అమ్మయ్య."

"మేడ ఉంది."

ఆయన బస్సు కోసం ఆగలేదు. తన ఉద్యోగజీవితంలో మొదటిసారి ఆటో ఎక్కాడు.

సాయంత్రం అతను ఇంటికి వస్తూ పక్కింటి పని దగ్గర ఆగి, మేస్త్రీని రెండు ఇటుకలు అడిగాడు.

"రెండిటితో ఏం కడతారు బాబూ?" అన్నాడు మేస్త్రీ.

"కట్టేది మీరు కదండీ. మాది ఆఖరిసారి చూసుకోవడం."

మేస్త్రీ ఒకసారి పిల్లర్ల వంకా, ఒకసారి అతని ముఖం వంకా చూసి, మంచి ఇటుకలు రెండు ఏరి దుమ్ము దులిపి ఇచ్చాడు.

ఏడున్నరకి ఇంటావిడ మేడమీది దీపం, మెట్ల దీపం ఆర్పేసింది. చీకట్లో భార్య చేతులు తమ పని తాము చేసుకుపోతున్నాయి. చుక్క సూదిమొనలా కనిపించేదాకా లెన్సు తిప్పి, ఇంక తిరగకుండా టేపు అంటించింది. ఇటుకల సంచీ వేలాడదీసింది. చివర్లో సుద్దముక్కతో స్టాండుకి ఆరడుగుల దూరంలో నేల మీద ఒక గుండ్రం గీసి, అందులో పీట వేసింది.

"మీరు ఇందులో."

"కాళ్లు చాపుకోవచ్చా?"

"గీత లోపల ఎంతైనా చాపుకోండి."

నాలుగు సెకన్లకొక ఫోటో, మొత్తం మూడు వందలు. అంతకన్నా ఎక్కువసేపు కెమెరా కన్ను తెరిచి ఉంచితే చుక్క గీతైపోతుంది. భూమి తిరుగుతోంది కదా, మనల్ని అడిగి తిరగదు. ఇరవై నిమిషాలు ఎవరూ కదలకూడదు. కెమెరా టక్కుమంది. నాలుగు సెకన్ల తర్వాత మళ్లీ టక్కుమంది. రెండు పిల్లర్ల మధ్య, వేళ్ల సందులోంచి చూస్తున్నట్టు, పిల్లలకోడి మెల్లగా పైకి వస్తోంది. అతను మోకాళ్లు కావలించుకుని కూర్చుని, ఊపిరి కూడా వాయిదాల మీద పీల్చుకుంటున్నాడు. నలభై దాకా లెక్కపెట్టాడు.

అప్పుడు మెట్ల మీద అడుగులు వినిపించాయి. మూడు జతల చెప్పులు, రెండు టార్చిలైట్లు: అతని తల్లి, మామగారు, కంపోజింగ్ అక్క.

వెలుగులో నర్సుగారికి కనిపించింది ఇది. నుదుటి మీద ప్లాస్టరుతో కొడుకు నేల మీద గీసిన గుండ్రంలో ముడుచుకుని ఉన్నాడు. పక్కన తాడు. తాడుకి ఇటుకల సంచీ. అతని వెనక చేతులు కట్టుకుని కోడలు నిలబడి ఉంది.

"నాన్నా," అంది ఆవిడ సన్నగా.

కొడుకు పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"చూశారా అన్నయ్యగారూ. నోరు కూడా విప్పనివ్వడం లేదు."

"లైట్లు ఆర్పండి," అంది కోడలు. గొంతు పెంచలేదు. "అత్తయ్యా, దయచేసి ఎక్కడివాళ్లు అక్కడే కూర్చోండి. ఇంకా రెండు వందల నలభై ఉన్నాయి."

"ఏమిటవి? దెబ్బలా?" అంది కంపోజింగ్ అక్క.

"ఫోటోలు. పదహారు నిమిషాలు ఆగండి. తర్వాత ఏమైనా అడగండి, ఎంతైనా తిట్టండి. ఈ చుక్కలు రేపట్నించి మా మేడకి రావు."

ఆ ఆఖరి మాట దగ్గర ఆమె గొంతు కొంచెం తడబడింది. నర్సుగారు ముప్పై ఏళ్లు గొంతులు విన్న మనిషి. నిజమైన నొప్పికీ నటనకీ తేడా తెలుసు. టార్చి ఆర్పి, ఉన్నచోటే చతికిలపడింది. ఆవిడ కూర్చున్నాక మిగతా ఇద్దరికీ నిలబడే ధైర్యం లేకపోయింది.

టక్. టక్. టక్.

మొదటి రెండు నిమిషాలు అందరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. ఆపైన చీకట్లో చూసుకోవడానికి ఏమీ మిగల్లేదు. కళ్లు చీకటికి అలవాటు పడేకొద్దీ ఆకాశం తన దగ్గరున్నవి ఒక్కొక్కటే బయటపెట్టింది. ముందు పది, తర్వాత పాతిక, తర్వాత లెక్క తప్పాయి. నర్సుగారు ఎన్ని రాత్రి డ్యూటీలు చేసినా పైకప్పులకేసే చూసింది. డ్యూటీ దిగి ఇంటికి నడిచేటప్పుడు చూపు కాళ్ల కిందే ఉండేది. ఇప్పుడు మెడ వెనక్కి వాల్చి, నోరు కొద్దిగా తెరిచి, చిన్నపిల్లలా చూస్తోంది. చీకట్లో కొడుకు అది గమనించాడు. తల్లి ముఖాన్ని ఇంతసేపు ఏ పనీ లేకుండా ఉండగా చూడటం అతనికి ఇదే మొదటిసారి. ఆమె ఏనాడు దేని ఊసు ఎత్తకుండా మానేసిందో అడగాలనిపించింది. కానీ గీత దాటకూడదు.

టైం కీపరుగారు గడియారం లేకుండానే లెక్కపెట్టుకుంటున్నారు. "మూడు వందలు," అన్నారు చివరి టక్కుకి సరిగ్గా. "రైట్."

కూతురు లెన్సుకి మూత పెట్టేసింది. కెమెరా మాత్రం టక్కుటక్కుమంటూనే ఉంది.

"అమ్మాయ్, మూత తియ్యలేదే," అన్నాడు తండ్రి.

"తియ్యకూడదు నాన్నా. ఇంకో ఇరవై ఫోటోలు మూత పెట్టే తియ్యాలి. ఏ వెలుగూ లేకపోయినా కెమెరా తనంతట తను కొన్ని మచ్చలు పుట్టిస్తుంది. అవేమిటో తెలిస్తే అసలు ఫోటోలోంచి తీసెయ్యొచ్చు. ఇప్పుడు మీరు కదలొచ్చు, అరవొచ్చు, ఏమైనా చెయ్యొచ్చు."

ముగ్గురూ ఒకేసారి మొదలుపెట్టారు. ఇటుక, తాడు, బావి, మెడ, కట్టెయ్యడం. కంపోజింగ్ అక్క ఏడ్చేసింది. కోడలు అందరి మాటలూ ఓపిగ్గా విని, చెయ్యెత్తింది.

"ఈ మూడు వందల ఫోటోల్ని ఏం చేస్తామో తెలుసా అత్తయ్యా? ఒకదాని మీద ఒకటి పేరుస్తాం. అన్నింట్లోనూ ఉన్నది నిలబడుతుంది. ఒకదాంట్లో ఉండి మరోదాంట్లో లేనిది రాలిపోతుంది. మీ మాటలు కూడా అలా పేర్చి చూద్దాం. నేను ఇటుకతో కొట్టానని ఎవరన్నారు?"

"ఈవిడే అంది," అన్నారు నర్సుగారు.

"నేను ఇటుకలు తెమ్మందని చెప్పాను గానీ, కొట్టిందనలేదు వదినా."

"రాలిపోయింది. బావి?"

టైం కీపరుగారు దగ్గారు. "అది నా సొంతం."

"అదీ పోయింది. ఇంక ముగ్గురి దగ్గరా మిగిలిందేమిటి?"

ముగ్గురూ తమ తమ మాటలు పేర్చి చూసుకున్నారు. మిగిలింది ఒక్క వాక్యం. మా ఆవిడ నాకు చుక్కలు చూపించింది.

ఆమె భర్త వైపు తిరిగింది. "అన్నారా?"

"అన్నాను," అన్నాడు గీతలోంచి.

"ఏ అర్థంలో అన్నారు?"

"ఉన్న అర్థంలోనే."

కెమెరా ఇరవయ్యోసారి టక్కుమని ఆగింది. తర్వాత నర్సుగారు మందుల పెట్టె తెరిచి, కొడుకు నుదుటి మీది ప్లాస్టరు పీకి, దెబ్బ చూసి, కొత్తది అంటించింది. కాస్త గట్టిగానే అంటించింది.

"కదలకుండా కూర్చోవడం కూడా రాదురా నీకు? పాపం ఆ పిల్ల గీత గీసి కూర్చోబెట్టాల్సి వచ్చింది."

కిందికి దిగి పాత ల్యాప్‌టాప్ చుట్టూ చేరారు. అది ఆలోచించుకుంటూ, ఆగుతూ, రొప్పుతూ పనిచేసింది. చెప్పుల చప్పుడుకి అదిరిన పద్దెనిమిది ఫోటోల్ని పక్కన పడేసింది. అతనికి లోలోపల ఒక చిన్న సంతోషం కలిగింది, ఈసారి చెడగొట్టింది తను కాదని. మిగతావన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. నల్లటి తెర మీద పిల్లలకోడి మెల్లగా తేలింది. మామూలు కంటికి ఆరో ఏడో. ఇక్కడ పిల్లలకి పిల్లలు, వాటి వెనక ఇంకా పిల్లలు. పెద్ద చుక్కల చుట్టూ తడిగుడ్డతో తుడిచినట్టు లేత నీలిరంగు పొగ.

ఆమె రెండు చేతులతో నోరు మూసుకుని చూస్తూ కూర్చుంది. కాసేపయ్యాక లేచి, కెమెరాని తుడిచి, బీరువా పైన కాకుండా తలగడ పక్కన పెట్టింది. అతను అది చూశాడు. ఇంక ఎవరికీ ఇవ్వదని తెలిసిపోయింది. అడగాల్సిన పని లేకపోయింది.

"నాకు పంపవే అమ్మాయ్," అన్నారు నర్సుగారు. "మన వాళ్లందరికీ చూపించాలి. ఇలాంటి కోడలు ఎవరికుంది?"

పంపింది. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకోకుండా, ఆ ఉత్సాహంలో, చుట్టాలందరూ ఉన్న గ్రూపులో ఆ ఫోటో పెట్టి కింద నాలుగు మాటలు కొట్టింది. పెద్దవాళ్లు ముగ్గురూ అక్కడే అన్నాలు తిని వెళ్లారు.

మర్నాడు పొద్దున్న పళ్లు తోముకుంటూ అతను ఫోను తెరిచాడు. అలవాటు కొద్దీ కన్ను ముందు తప్పు మీద పడింది. ఒకే ఒక్క మాట ఎగిరిపోయింది, 'తీసిన' అని. మిగిలింది ఇలా ఉంది: 'మా కోడలు పిల్లలకోడి చూడండి.' పైన ఫోటోలో నల్లటి చీకటి, మధ్యలో పొగపొగగా, తెల్లతెల్లగా ఏవో చుక్కలు. స్కానింగ్ కాగితం అలాగే ఉంటుంది.

కింద పదకొండు మంది అభినందించారు. ఒకరు కవలలా అని అడిగారు. బరువులెత్తనివ్వకండని పెద్దత్త రాసింది. దానికి నర్సుగారి జవాబు కూడా అప్పటికే వచ్చి ఉంది: 'ఇటుకలు మా వాడే మోస్తున్నాడు.'

అతను దిద్దుదామని వేలు పెట్టాడు. భుజం మీంచి తొంగిచూసిన భార్య నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఆ నవ్వు ఆగేదాకా ఆగుదామనుకున్నాడు. ఎంతకీ ఆగలేదు. ఈలోగా ఇంకో నలుగురు అభినందించారు.

ఆదివారం పెద్దత్త పంపిన ఉయ్యాల వచ్చింది.